అడగండి చెబుతాం: ఉప్పు పడగానే బంగారం ఎందుకు నీలమైంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం నానోకణాల గురించే. ఒక ప్రశ్నకి జవాబు రాస్తుంటే పక్క ప్రశ్న దానంతటదే తగులుతోంది, అందుకని మిగతావన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి వీటినే తీసుకున్నాను.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం సిట్రేట్ పద్ధతిలో గోల్డ్ నానోపార్టికల్స్ చేశాను. మంచి ఎరుపు వచ్చింది. ప్రొటీన్ అతికించాలని ముందుగా పీబీఎస్ బఫర్ (పీహెచ్‌ని నిలకడగా ఉంచే ఫాస్ఫేట్ ఉప్పునీళ్లు) కలిపాను. చూస్తుండగానే ఊదాకి తిరిగి, ఆపైన నీలమైపోయింది. మర్నాటికి అడుగున నల్లటి మడ్డి, పైన ఉత్త నీళ్లు. గైడ్‌ని అడిగితే "ఉప్పెక్కువైంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కణాలన్నిటి మీదా రుణావేశమే ఉంటుంది కదా, మరి ఎలా అతుక్కున్నాయి? ఉప్పు వెళ్లి ఆ ఛార్జీని తీసేస్తుందా?

జవాబు: తీసేయదు. ఛార్జీ చాలావరకు కణం మీదే ఉంది, కాకపోతే పక్క కణానికి కనబడకుండా పోయింది. మీ గైడ్ చెప్పింది నిజమే గానీ ఆ ఒక్క ముక్కలో చాలా కథ దాగి ఉంది, టైముంటే ఆయనే చెప్పేవారేమో.

మీ సీసాలోంచి ఒక్క కణాన్ని బయటికి తీసి చూద్దాం. సుమారు 15 నానోమీటర్ల బంగారు గుండు (నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు). ఒంటినిండా సిట్రేట్ అతుక్కుని ఉంది, ఒక్కో సిట్రేట్‌కి మూడేసి కార్బాక్సిలేట్ గుంపులు, వాటి వల్లే ఆ రుణావేశం. నీళ్లలో ఈ గుండు ఒంటరిగా ఉండదు. సోడియం అయాన్లు దాని చుట్టూ మూగుతాయి. కొన్ని ఒంటికి ఆనుకుని ఉంటాయి, మిగతావి కాస్త ఎడంగా, ఒకచోట నిలవకుండా తిరుగుతూ మబ్బులా ఉంటాయి. దూరం నుంచి వచ్చే ఇంకో కణానికి ముందు కనిపించేది ఈ మబ్బే. లోపలి రుణావేశాన్ని మబ్బులోని ధనావేశం కప్పేస్తుంది కాబట్టి మబ్బు దాటి బయట ఉన్నంతసేపూ ఈ కణం తటస్థంగా ఉన్నట్టే లెక్క.

కాబట్టి మబ్బు ఎంత మందం అన్నదే అసలు ప్రశ్న. దాన్ని డీబై పొడవు అంటారు, 1923లో డీబై, హ్యూకెల్ ఇద్దరూ వేసిన లెక్క. సోడియం క్లోరైడ్ లాంటి ఉప్పు లీటరుకి 1 మిల్లీమోల్ ఉంటే ఆ మందం 9.6 నానోమీటర్లు. 10 మిల్లీమోల్‌కి 3 నానోమీటర్లు. 100 మిల్లీమోల్‌కి ఒక్క నానోమీటరు కూడా లేదు. ఉప్పు పెరిగేకొద్దీ మబ్బు కణం ఒంటికి బిగుసుకుపోతుందన్నమాట. మీ పీబీఎస్‌లో ఒక్క సోడియం క్లోరైడే 137 మిల్లీమోల్ ఉంటుంది, దానిమీద ఫాస్ఫేట్లు అదనం. అంటే మీ కణాల మధ్య వికర్షణ 0.8 నానోమీటర్ల దగ్గరే చచ్చుబడిపోతోంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఏ రెండు వస్తువుల మధ్యనైనా వాన్ డెర్ వాల్స్ ఆకర్షణ ఉంటుంది, లోహాల మధ్య అది మరీ గట్టిది, బంగారానికైతే చెప్పనే అక్కర్లేదు. రెండు కణాల ఒళ్లు కొద్ది నానోమీటర్ల దూరంలోకి వస్తే అది పట్టేసుకుంటుంది. ఉప్పు దీన్ని పెద్దగా తగ్గించలేదు, అది తగ్గించేది వికర్షణని మాత్రమే. మబ్బు 10 నానోమీటర్ల మందం ఉన్నప్పుడు రెండు కణాలు ఆ ఆకర్షణ పరిధిలోకి రాకముందే ఒకదాన్నొకటి తోసేసుకునేవి. మబ్బు 0.8కి బిగిసేసరికి తోపు మొదలయ్యేలోపే పట్టు పడిపోయింది. ఈ రెండు బలాలనీ కూడి గీసే గ్రాఫులో మధ్యన ఒక గుట్ట వస్తుంది. ఆ గుట్ట ఎత్తు నీటి అణువుల తాకిళ్లిచ్చే శక్తికి, అంటే గది వేడిమిలో 4×10⁻²¹ జౌళ్ల చొప్పున ఉండే కేటీకి, 15, 20 రెట్లుంటే సీసా నెలల తరబడి ఎర్రగా ఉంటుంది. రెండు మూడు రెట్లకి దిగిందా, నిమిషాల్లో పని అయిపోతుంది. 1941లో డెర్యాగిన్, లాండౌ, వాళ్లతో సంబంధం లేకుండా 1948లో వెర్వే, ఓవర్‌బీక్ చెప్పిన సిద్ధాంతం ఇదే, నలుగురి పేర్ల మొదటి అక్షరాలు కలిపి డీఎల్‌వీఓ అంటారు.

నిమిషాల్లో ఎలా అనుకుంటారేమో, ఈ కణాలు ఎంత కంగారుగా తిరుగుతుంటాయో చూడండి: 10 నానోమీటర్ల కణం నీళ్లలో ఊరికే బ్రౌనియన్ చలనంతోనే ఒక సెకనులో సగటున 17 మైక్రోమీటర్లు దూరం జరిగిపోతుంది, అంటే తన ఒంటి పొడవుకి 1,700 రెట్లు. ఢీకొనడానికి వెతుక్కోవాల్సిన పనే లేదు, ఢీకొన్న ప్రతిసారీ విడిపోవడమే గొప్ప.

రంగు సంగతి. విడిగా ఉన్న బంగారు కణంలో ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి, ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని మింగేస్తుంది, మిగిలింది మనకి ఎరుపుగా కనిపిస్తుంది. రెండు కణాలు ఒరుసుకునేంత దగ్గరికొస్తే ఒకదాని ఊపు ఇంకోదానికి తగిలి, మింగే కాంతి 600 దాటి ఎరుపు వైపు జరుగుతుంది. ఎరుపు పోయింది కాబట్టి నీలం మిగిలింది. మీకంటే ముందు దీన్ని చూసి తల గోక్కున్నవాడు మైకేల్ ఫారడే. 1857లో ఆయన చేసిన కెంపు రంగు బంగారు ద్రవంలో ఉప్పు వేస్తే నీలమవడం గమనించి రాసిపెట్టాడు. ఆయన సీసాలు కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి, రంగుతో సహా. అప్పటికి అయాన్ల మబ్బు సంగతి ఎవరికీ తెలియదు, ఆ మాటకొస్తే ఎలక్ట్రాన్ సంగతే తెలియదు.

ఇక మీరు చేయాల్సింది. ఆ నల్ల మడ్డిని బాగుచేద్దామని టైం వేస్ట్ చేసుకోకండి, బంగారం బంగారాన్ని నేరుగా తాకాక ఉప్పు కడిగేసినా అవి విడిపోవు. కొత్త బ్యాచ్ చేయండి. ముందు ప్రొటీన్‌ని కొద్ది మిల్లీమోల్ బఫర్‌లో, దాని ఐసోఎలెక్ట్రిక్ పీహెచ్‌కి (ప్రొటీన్ మీది నికర ఛార్జీ సున్నా అయ్యే పీహెచ్‌కి) కాస్త పైన పెట్టి, కణాలకి అంటుకోనివ్వండి. మిగిలిన ఖాళీల్లో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎక్కించండి. ఒంటి మీద ప్రొటీన్ పొర పడ్డాక వికర్షణ మీద ఆధారపడే అవసరం తగ్గిపోతుంది, పొర మందమే అడ్డుగోడ అవుతుంది, అప్పుడు పీబీఎస్ పోసినా తట్టుకుంటాయి. ఎంత ప్రొటీన్ చాలు అన్నది తెలుసుకోవడానికి వరసగా కొన్ని చిన్న ట్యూబుల్లో ప్రొటీన్ పెంచుకుంటూ పోయి, అన్నిట్లో ఒకేలా ఉప్పు పోసి, ఏ ట్యూబు దగ్గర ఎరుపు ఆగిందో చూడండి. కాలేజీ కెమిస్ట్రీలో స్వర్ణ సంఖ్య అని బట్టీపట్టాం గుర్తుందా, జిగ్మాండీ పెట్టిన కొలత, ఇది అచ్చంగా అదే ప్రయోగం. ఆ రోజుల్లో దాన్నెందుకు చెబుతున్నారో నాకు బొత్తిగా అర్థం కాలేదు.

ప్రశ్న: అయితే ఉప్పు ఈ కథలో విలన్ అన్నమాట. అసలు ఉప్పే లేకుండా చేసుకుంటే గొడవ వదిలిపోతుంది కదా?

జవాబు: వదలదు, పైగా కొన్ని పనులు ఉప్పు లేకపోతే అసలు సాగవు.

పూర్తిగా ఉప్పు తీసేసిన నీళ్లలో డీబై పొడవు దాదాపు ఒక మైక్రోమీటరు. ఛార్జీ ఉన్న పాలీస్టైరీన్ గుళ్లని అలాంటి నీళ్లలో వేస్తే అవి ఒకదాన్నొకటి తాకకుండానే, దూరదూరంగా నిలబడి వరసలు కట్టేస్తాయి, సీసా రంగురంగుల్లో మెరుస్తుంది. కేవలం తోసుకోవడం వల్ల ఏర్పడ్డ స్ఫటికం అది. రద్దీలో ఎవరికీ ఎవరూ తగలకూడదనుకుంటే అందరూ సమదూరంలో నిలబడడం తప్ప దారి ఉండదు కదా, అలాగన్నమాట. అందులో కాస్త ఉప్పు పడితే మెరుపు పోతుంది. ఇక్కడ మాత్రం ఉప్పు విలనే.

డీఎన్‌ఏతో కణాలని కలపడం చూడండి. 1996లో మిర్కిన్ బృందం, అలివిసాటోస్ బృందం విడివిడిగా చేసి చూపించిన పద్ధతి ఇది: ఒక కణం మీద ఒక డీఎన్‌ఏ పోగు, ఇంకో కణం మీద దానికి సరిపోయే పోగు, రెండూ జతకడితే కణాలు దగ్గరవుతాయి. కానీ డీఎన్‌ఏ వెన్ను పొడవునా ఫాస్ఫేట్లు, అన్నీ రుణావేశాలే, కాబట్టి ఉప్పు లేకపోతే రెండు పోగులూ ఒకదాన్నొకటి తరిమేస్తాయి, జత కట్టవు. కణం మీదికి డీఎన్‌ఏని ఒత్తుగా ఎక్కించడానికి కూడా ఉప్పు కావాలి, లేకపోతే ఎక్కిన పోగులు కొత్తగా వచ్చేవాటిని రానివ్వవు. కానీ ఒకేసారి పోస్తే మొదటి ఉత్తరం రాసినావిడకి పట్టిన గతే పడుతుంది. అందుకని గంటల తరబడి, కొంచెం కొంచెంగా, 0.1 నుంచి 0.3 మోలార్ (లీటరుకి అన్ని మోల్‌లు) వరకు పెంచుకుంటూ పోతారు. మొదటి విడతలో ఎక్కిన డీఎన్‌ఏ రెండో విడత ఉప్పుని తట్టుకునే బలమిస్తుంది. ఓపిక లేనివాళ్లు చేయదగ్గ పని కాదు.

ఇంకా విచిత్రమైనది, 2022లో షికాగోలోని తలాపిన్ బృందం చూపించింది. మామూలుగా ఉండే పొడుగాటి నూనె తోకల బదులు టిన్ సల్ఫైడ్ లాంటి చిన్న అకర్బన అయాన్లని ఒంటికి కట్టుకున్న నానోస్ఫటికాలు, వాటి మీద బాగా గట్టి రుణావేశం. వాటికి గట్టిగా ఉప్పు పోస్తే, ఎప్పటిలా ముద్దైపోవాల్సింది పోయి, వరస తప్పని సూపర్ స్ఫటికాలుగా పేర్చుకున్నాయి. మామూలు డీఎల్‌వీఓ చేతికి అందని చోటు ఇది, ఆ లెక్కలో అయాన్లు ఉత్త చుక్కలు, వాటికి పరిమాణం లేదు, పక్క అయాను ఎక్కడుందో వాటికి పట్టదు. ఛార్జీలు రెండు, మూడు, నాలుగు అయ్యేకొద్దీ ఆ ఊహ పనికిరాదు. డీఎన్‌ఏ కూడా అంతే, మూడు ధనావేశాలున్న స్పెర్మిడిన్ కొద్దిగా వేస్తే చాలు, తన్ను తాను తోసుకోవాల్సిన పోగు చుట్టుకుపోయి ఉండైపోతుంది. ఒకే ఛార్జీ ఉన్నవి ఆకర్షించుకోవు అని మనకి బడిలో నేర్పిన మాట నీళ్లలో ఎప్పుడూ నిజం కాదు.

అయాను మీద ఎన్ని ఛార్జీలున్నాయి అన్నది ఎంత ముఖ్యమో హార్డీ–షుల్జ్ నియమం చెబుతుంది. 1882లో షుల్జ్, 1900లో హార్డీ చూసినది ఏమిటంటే, కొల్లాయిడ్‌ని (ద్రవంలో తేలే సన్నటి కణాల్ని) విరగ్గొట్టి ముద్ద కట్టించడానికి సోడియం ఎంత కావాలో కాల్షియం అందులో చిన్న వంతు చాలు, అల్యూమినియం ఇంకా చిన్న వంతు. తర్వాత డీఎల్‌వీఓ దానికి లెక్క కట్టింది: బలమైన ఛార్జీ ఉన్న కణాలకైతే ఆ వంతులు 1, 1/64, 1/729. నిజం సీసాల్లో అంత నిట్టనిలువుగా ఉండకపోవచ్చు, బలహీనమైన ఛార్జీ ఉన్నవాటికి తేడా బాగా తగ్గుతుంది. అయినా మురికినీళ్లు తేర్చడానికి మామూలు ఉప్పు కాకుండా పటిక ఎందుకు వేస్తారంటే ఒక కారణం ఇందులోనే ఉంది, అల్యూమినియం నీళ్లలో హైడ్రాక్సైడ్‌గా విరిగి మట్టిని వలలా పట్టుకెళ్లడం ఇంకో కారణం. నది సముద్రంలో కలిసేచోట బంకమట్టి ముద్దలు కట్టి అడుక్కి దిగడమూ ఇదే బాపతు, సముద్రపు నీళ్లలో ఉప్పు లీటరుకి 35 గ్రాములు, డీబై పొడవు అర నానోమీటరు కూడా లేదు.

నా సొంత గొడవ ఒకటి చెప్పుకోనివ్వండి. చదువుకునే రోజుల్లో ల్యాబులో డీఅయానైజ్డ్ నీళ్ల మెషిన్ చెడిపోతే "ఏముందిలే" అని కుళాయి నీళ్లతో కడిగిన బీకర్లు వాడాను. మూడు రోజులు వరసగా బ్యాచులన్నీ ఊదా రంగే. కాల్షియం గుర్తొచ్చింది నాలుగో రోజు.

ప్రశ్న: ధనావేశం ఉన్న కణాలని, రుణావేశం ఉన్నవాటిని కలిపితే కూలుంబ్ సూత్రం ప్రకారం గబగబా అతుక్కుని ముద్దైపోవాలి. మరి వాటితో స్ఫటికాలు కూడా చేశారని చదివాను. ముద్దకి, స్ఫటికానికి తేడా ఎక్కడ వస్తుంది?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. తేడా అంతా తప్పు దిద్దుకునే వీలు ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

ముందు ఒక లెక్క. నీళ్లలో రెండు ఎలక్ట్రాన్ ఛార్జీల మధ్య శక్తి కేటీతో సమానమయ్యే దూరం 0.7 నానోమీటర్లు. గాలిలేని చోట అయితే అది 56. నీటి డైఎలెక్ట్రిక్ స్థిరాంకం 78 ఉండబట్టి ఛార్జీ బలం అంతలా కరిగిపోతుంది. అలా చూస్తే 10 నానోమీటర్ల దూరంలో ఒక్కో ఛార్జీ ఉన్న రెండు కణాల మధ్య లాగుడు 0.07 కేటీ, అంటే లేనట్టే. కానీ ఒక కణం మీద 50 ధన, ఇంకో కణం మీద 50 రుణ ఛార్జీలు పెట్టండి. యాభైని యాభైతో గుణించాలి, 2,500 రెట్లు, 175 కేటీ. ఉప్పు లేకపోతే ఆ రెండూ కలిశాక మళ్లీ విడిపోవడం కల్ల. మొదట ఎక్కడ తగిలితే అక్కడే ఇరుక్కుంటాయి, మూడోది వచ్చి ఎక్కడో ఒక మూల అతుక్కుంటుంది, కొమ్మలు కొమ్మలుగా వదులు ముద్ద తయారవుతుంది. మీరు ఊహించిన ముద్ద అదే.

స్ఫటికం కావాలంటే తప్పు చోట కూర్చున్న కణం మళ్లీ లేచి ఇంకో చోట కూర్చోగలగాలి. అంటే ఒక్కో పొరుగుతో బంధం కొద్ది కేటీలే ఉండాలి, మొత్తం పొరుగులందరితో కలిపితే మాత్రం నిలబడాలి. ఈ మధ్య దారిలోకి దింపే పని మళ్లీ మన మబ్బుదే. ఉప్పు కాస్త పెంచితే ఆకర్షణ కూడా మబ్బు చాటున పడి బలం తగ్గుతుంది. చూడండి, మొదటి ఉత్తరంలో వికర్షణని చంపి కణాలని ముద్ద చేసిన ఉప్పే ఇక్కడ ఆకర్షణని మెత్తబరిచి ముద్ద కాకుండా ఆపుతోంది, మరీ ఎక్కువ పోస్తే అసలు కలవనే కలవవు.

2006లో గ్రిజిబోవ్‌స్కీ బృందం చేసిన ప్రయోగం దీనికి మంచి ఉదాహరణ. సుమారు 5 నానోమీటర్ల బంగారు, వెండి కణాలు తీసుకున్నారు. ఒకదాని మీద చివర రుణావేశపు కార్బాక్సిలేట్ ఉన్న థయోల్ (లోహానికి అతుక్కునే గంధకపు అణువు) పూత, రెండోదాని మీద చివర నాలుగు గుంపులున్న ధనావేశపు అమ్మోనియం పూత. ఒక రకం ద్రావణంలోకి రెండోదాన్ని బొట్టు బొట్టుగా వదులుతూ పోయారు. చాలాసేపు ఏమీ జరగలేదు, ద్రావణం తేటగానే ఉంది. మొత్తం ధనావేశం, మొత్తం రుణావేశం సమానమయ్యే బిందువు దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా అంతా అవక్షేపంగా దిగిపోయింది. ఆమ్లక్షార టైట్రేషన్‌లో రంగు మారినంత పదునుగా అన్నమాట. అంతకుముందు ఎందుకు దిగలేదంటే, ఎక్కువగా ఉన్న రకం కణాలు తక్కువ ఉన్నవాటి చుట్టూ చేరి, పైన తమ ఛార్జీయే కనిపించే గుంపులుగా మారి, గుంపులు ఒకదాన్నొకటి తోసుకున్నాయి. ఇక్కడ కణాలే ఒకదానికొకటి అయాన్ల మబ్బు పాత్ర వేశాయని నాకనిపిస్తుంది.

ఆ అవక్షేపాన్ని నీళ్లు, డీఎంఎస్ఓ అనే ద్రావణి కలిపిన మిశ్రమంలో మళ్లీ కరిగించి వేడి మీద నిదానంగా ఆవిరి కానిచ్చారు. మైక్రోమీటర్ల సైజు స్ఫటికాలు వచ్చాయి, లోపలి అమరిక వజ్రం తరహాది, ఒక్కో కణానికి నలుగురే వ్యతిరేక పొరుగులు. సోడియం క్లోరైడ్‌లో అయితే ఆరుగురుంటారు. ఒకే సైజు ధన, రుణ గుళ్లు ఇంకా ఒత్తుగా పేర్చుకోవాలని మన ఊహ, కానీ ఇక్కడ మబ్బు మందం కణం సైజుతో పోల్చదగ్గది, ఆ పరిస్థితిలో ఖాళీలు ఎక్కువున్న అమరికే గెలిచింది. పరమాణువుల అయానిక స్ఫటికాల్లో చదువుకున్న సైజు నిష్పత్తి నియమాలని కళ్లు మూసుకుని నానోకణాలకి అంటగట్టకూడదని నేను విద్యార్థులకి చెప్పేది అందుకే. పరమాణువుల్లో ఈ మబ్బు అనే మూడో మనిషి లేడు.

ప్రశ్న: మా శాంపిల్ జీటా పొటెన్షియల్ −28 మిల్లీవోల్టులు వచ్చింది. 30 దాటకపోతే స్టేబుల్ కాదని రిపోర్ట్ వెనక్కి పంపారు. ఆ రెండు మిల్లీవోల్టుల కోసం టెన్షన్ పడాలా?

జవాబు: అక్కర్లేదు. 30 అన్నది వాడుకలో స్థిరపడ్డ ఒక గుర్తు, ప్రకృతి గీసిన గీత కాదు. జీటా అంటే కణం ఉపరితలం మీది పొటెన్షియల్ కూడా కాదు, కణంతోపాటు కదిలే నీటి పొర చివర ఉండేది. అదే శాంపిల్‌ని ఉప్పు మార్చి కొలిస్తే అంకె మారిపోతుంది. ఏ ఉప్పులో, ఎంత గాఢతలో, ఏ పీహెచ్‌లో కొలిచారో రాయకుండా జీటా ఒక్కటే ఇస్తే ఎత్తు చెప్పి ఏ యూనిట్లలోనో చెప్పనట్టు. పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత ఉన్న కణాలు జీటా సున్నా దగ్గర ఉండి కూడా నెలలపాటు హాయిగా ఉంటాయి, వాటిని ఆపేది ఛార్జీ కాదు, పూత. మీరు వారం రోజులు సైజు కొలిచి, మారలేదని చూపించండి, ఆ గ్రాఫు ముందు −28కి ఎవరూ అడ్డు చెప్పలేరు.

ప్రశ్న: కాడ్మియం టెల్యూరైడ్ కణాలు నీళ్లలో వాటంతటవే దండలా వరసకట్టి తీగలయ్యాయని విన్నాను. గుండ్రటి కణానికి ఏ వైపైనా ఒకటే కదా, వరసలోనే ఎందుకు చేరాలి?

జవాబు: అది కనిపించినంత గుండ్రం కాదు. 2002లో కోటోవ్ బృందం చూసింది ఇది: కణాల మీద ఉన్న స్టెబిలైజర్‌ని (ముద్ద కాకుండా ఆపే పూతని) కొంతవరకు తొలగించి వదిలేస్తే, కొన్ని రోజుల్లో అవి మొదట ముత్యాల పేరులా వరసకట్టి, తర్వాత కలిసిపోయి ఒకే స్ఫటిక తీగలయ్యాయి. ఒంటినిండా రుణావేశం ఉన్నప్పుడు అన్ని వైపులా వికర్షణే. పూత పలచబడ్డాక ఆ తోపు తగ్గి, లోపల దాక్కున్న ద్విధ్రువం బయటపడింది, అంటే కణం ఒక వైపు కాస్త ధనం, ఇంకో వైపు కాస్త రుణం. చిన్న అయస్కాంతాలని టేబుల్ మీద వదిలితే తల తోకకి అతుక్కుని గొలుసవుతాయి చూడండి, అదే తీరు. మిగిలిన కాస్త వికర్షణ కూడా ఇక్కడ సాయపడుతుంది, గొలుసు పక్కకి చేరే కణాన్ని చాలామంది కలిసి తోస్తారు, కొసన చేరేదాన్ని ఒకరిద్దరే తోస్తారు. అదే కాడ్మియం టెల్యూరైడ్‌కి ధనావేశం ఉన్న వేరే స్టెబిలైజర్ పెడితే తీగలకి బదులు పలచటి రేకులు వచ్చాయి, అది 2006లో. పదార్థం అదే, మారింది ఒంటి మీది ఛార్జీల ఏర్పాటు.

ప్రశ్న: ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లలో వాడిన లిపిడ్ కణాలు కూడా ఇలా తయారైనవేనా? నేను సైన్స్ చదవలేదు, సులువుగా చెప్పండి.

జవాబు: అవును, అవి కూడా ఛార్జీల పుణ్యమే. ఆర్‌ఎన్‌ఏ పొడవునా రుణావేశం. దాన్ని మోసుకెళ్లే కొవ్వు అణువు అంటే లిపిడ్‌కి ఒక గడుసు గుణం ఉంది, పులుపు నీళ్లలో ధనావేశం తెచ్చుకుంటుంది, పులుపు పోతే వదిలేస్తుంది. తయారీలో పీహెచ్ 4 దగ్గర ఉన్న నీళ్లలోని ఆర్‌ఎన్‌ఏని, ఆల్కహాలులో కరిగించిన లిపిడ్లని సన్నటి గొట్టాల్లో వేగంగా కలుపుతారు. ధన లిపిడ్ రుణ ఆర్‌ఎన్‌ఏని పట్టుకుంటుంది, ఆల్కహాలు పలచబడేసరికి మిగతా లిపిడ్లు కూడా దాని చుట్టూ మూసుకుని 100 నానోమీటర్ల లోపు గుళికలవుతాయి. తర్వాత పులుపు తీసేస్తారు, గుళిక దాదాపు తటస్థమవుతుంది. ఇది ముఖ్యం, ధనావేశంతోనే రక్తంలోకి వెళితే కనిపించిన ప్రతి ప్రొటీన్‌కీ, ప్రతి శరీరకణం గోడకీ అతుక్కుంటుంది, ఒంటికి హాని కూడా. మన శరీరకణం గుళికని మింగాక దాన్ని పెట్టే సంచి లోపల మళ్లీ పులుపు ఎక్కుతుంది. లిపిడ్‌కి మళ్లీ ధనావేశం వస్తుంది, సంచి గోడలోని రుణావేశపు కొవ్వుల్ని పట్టుకుని గోడని చెదరగొడుతుంది, ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. ఛార్జీ ఎప్పుడు ఉండాలో, ఎప్పుడు ఉండకూడదో ఒక్క అణువుకి నేర్పించడానికి ఏళ్లు పట్టింది. ఈ దారిలో మొదట ఆమోదం పొందిన మందు వ్యాక్సిన్ కాదు, 2018లో వచ్చిన పాటిసిరాన్ అనే ఆర్‌ఎన్‌ఏ మందు.

ప్రశ్న: డీబై పొడవుని నోటితో లెక్కేసుకునే చిట్కా ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. మోలార్‌లో గాఢత తీసుకోండి, దాని వర్గమూలంతో 0.304ని భాగించండి, జవాబు నానోమీటర్లలో వస్తుంది. నీళ్లకి, 25 డిగ్రీల దగ్గర, సోడియం క్లోరైడ్ లాంటి ఒకటికి ఒకటి ఉప్పులకి మాత్రమే. కాల్షియం క్లోరైడ్ అయితే గాఢతని ముందు మూడుతో గుణించాలి, మెగ్నీషియం సల్ఫేట్‌కి నాలుగుతో. పరీక్షలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.